పట్టీసినాను, ఒగ్గీ

ఓడ పక్కలకు గీసిన ఆరు లోతు గుర్తుల్లో నాలుగు చదవడం అయింది. నూకరత్నం లాంచీ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఐదో గుర్తు దగ్గర అల పైకి వెళ్ళి కిందికి దిగేదాకా ఆగింది. పైకి ఎంత ఎక్కింది, కిందికి ఎంత జారింది, రెంటికీ మధ్య అసలు నీటిగీత ఎక్కడ ఉంది, అదంతా కంటితో తేల్చాలి. కెమెరాలు చాలా ఏళ్ళుగా తేలుస్తూనే ఉన్నాయి, పొరబడుతూనే ఉన్నాయి. అందుకే బీమా కంపెనీలు పట్టుబట్టి, ప్రతి ఓడ ఎంత లోతు మునిగిందో ఒక మనిషి కన్ను కూడా చూడాలని రాయించాయి. గంగాడపాలెం రేవులో పద్నాలుగేళ్ళుగా ఆ కన్ను నూకరత్నానిదే.

"ఏడు మీటర్ల నలభై రెండు," అని పైకే అనుకుంది. లాంచీ తనంతట తాను ఆరో గుర్తు వైపు తిరిగింది.

నీలగాంధారి అనే ఆ ఓడ నిండా గోనెసంచుల్లో చేపపొడి. పదిన్నరకు ఒక జల్లు కొట్టి వెళ్ళింది కాబట్టి ఓడ పక్కలన్నీ తడిసి నల్లగా ఉన్నాయి, ఒక్కచోట తప్ప. సరుకు నింపే మూడో అర ఎదురుగా, నీటికి మూరెడు పైన, పెద్ద తలుపంత మేర ఇనుము పొడిగా, పాలిపోయి ఉంది. నూకరత్నం దోసిలితో ఉప్పునీళ్ళు తీసి దాని మీద చల్లింది. తడి చూస్తుండగానే ఆరిపోయింది. అరచెయ్యి ఆనించబోయి, అప్పుడే పొయ్యి మీంచి దింపిన అన్నపు గిన్నెను ముట్టుకున్నట్టు వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో!" అంది.

చేపపొడి సంగతి ఆ రేవులో పుట్టిన ఎవరికైనా తెలుసు. తడి తగిలి, గాలాడక మగ్గితే అది లోపల్లోపలే ఉడుకుతుంది. ఉడికేటప్పుడు అరలోని ప్రాణవాయువును తినేస్తుంది. మంట కనపడదు, ఊపిరాడదన్న సంగతి ఊపిరి పోయేదాకా తెలియదు. దిగినవాడు నాలుగు మెట్లు దిగి కూర్చుండిపోతాడు. వాణ్ణి లేపుదామని దిగినవాడు వాడి పక్కనే కూర్చుంటాడు.

ఆరో గుర్తు చదివి, అంకె నోట్లోనే ఉంచుకుని, నూకరత్నం ఒడ్డుకు వచ్చేసింది.

జెట్టీ మీద ఆమె గాజుగది. గోడ మీద పెద్ద అక్షరాలతో 'ఓడకు ఒకే పేజీ. పేజీకి ఒకే నిజం' అని రాసి ఉంటుంది. ఒకప్పుడు రేవులో బల్లకో పుస్తకం ఉండేది, పుస్తకానికో నిజం ఉండేది, పొద్దస్తమానం పోట్లాట ఉండేది. ఇప్పుడు ఆ గొడవ లేదు. ఓడ పుట్టుపూర్వోత్తరాలన్నీ మూడు వందల మైళ్ళ అవతల ఉన్న మూలకోశంలో ఒకే పేజీగా ఉంటాయి. నిజాన్ని ఒక్కటి చేసినవాళ్ళు దాన్ని చూసే కళ్ళను మాత్రం ముక్కలు చేశారు. ఎవరి గడి వాళ్ళకే కనపడుతుంది, ఎవరి దిద్దుతాళం, అంటే రాసే అనుమతి, ఆ గడికే పనిచేస్తుంది. పక్కగడులు ఉత్త రంగులు. పచ్చ అంటే క్షేమం, ఎరుపు అంటే కాదు, అంతకు మించి అడిగే పని లేదు.

ఇంకో కట్టుదిట్టం కూడా ఉంది. ఒకరు పేజీని పట్టుకుని రాస్తున్నంతసేపూ ఇంకెవరూ రాయలేరు. మూలకోశాన్ని నడిపే కేంద్రానికి కూడా వీల్లేదు. రెండు చేతులు ఒకేసారి రాసిన పాపానికి ఎనిమిదేళ్ళ కిందట ఒక క్రేను, ఉన్న పెట్టెను లేదనుకుని, దాని మీదికి ఇంకో పెట్టె దించింది. మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. ఆ తరువాత వచ్చింది ఈ పట్టు నియమం. కేంద్రం వాళ్ళు దీన్ని గురించి సభల్లో గొప్పగా చెప్పుకుంటారు.

నూకరత్నం వేలిపలక మీద బొటనవేలు ఆనించింది. పేజీ తెరుచుకుంది. మూడో అర గడి పచ్చగా ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి అది ఎర్రగా ఉండడం ఆమె కళ్ళారా చూసింది. ఇప్పుడు గడి మూలన చిన్న 'స', దాని పక్కన పదకొండు గంటల అయిదు నిమిషాలని ఉంది. స అంటే సవరణ. వేలు తీసి కేంద్రానికి ఫోను చేసింది.

"చెప్పండి, నూకరత్నం గారూ." అవతల అనుమతుల అధికారి హేమసుందర్. ఏడేళ్ళుగా గొంతు తప్ప మొహం ఎరగదు. మర్యాదస్తుడు. విసుక్కోవడం కూడా మర్యాదగానే విసుక్కుంటాడు.

"సార్, నీలగాంధారి మూడో అర ఉడుకుతోంది. ఇనుము సెయ్యెట్టనీడం నేదు."

"మూడో అర పచ్చగా ఉందండి."

"పొద్దున్న ఎర్రగుంది. ఇందాకలే పచ్చైపోనాది. ఓడ కదల్నేదు, మూత తియ్యనేదు, మరెలాగ పచ్చైపోనాది సార్?"

"అది ఓటు సవరణ. అరలో మూడు మీటర్లు ఉంటాయి. రెండు గాలి బాగుందంటున్నాయి, ఒకటి లేదంటోంది. ఆ ఒకటి చెడిపోయినట్టు లెక్క."

"లేదన్నది అడుగునున్నదేనా?"

"ఆ వివరం చూసే తాళం మీకు లేదండి."

"మీకుంది గదా. సూసి సెప్పండి."

"చూసే తాళం ఉంది. చెప్పే అనుమతి లేదు."

నూకరత్నానికి ఒళ్ళు మండింది. "నలుగురితో నారాయణ అన్నట్టుంది సార్ మీ యవారం. పైనున్న రెండూ మూత పక్కన గాలి పీల్చుకుంటా బాగుందంటే, అడుగున ఊపిరాడక సచ్చినదాని మాట అబద్ధమైపోద్దేటి?"

"మీ పరిశీలన విలువైనదే. కాని అది రాయడానికి గడి లేదు. మీ గడి నీటిగీత. ఆరు అంకెలు రాసి పేజీ వదిలేయండి. పన్నెండింటికి మూత తెరవాలి."

ఫోను పెట్టేసింది. అప్పటికి పదకొండుంపావు.

ఓడ మెట్ల దగ్గర ఎల్లాజీ టోలీ, సంచులు మోసే కూలీల జట్టు, కూర్చుని ఉంది. గోనెసంచిని కొక్కెంతో పట్టి ఎత్తడం యంత్రాలకు ఇప్పటికీ చేతకాదు. అందుకని సంచుల సరుకు వస్తే అరలోకి మనుషులే దిగాలి. మేస్త్రీ ఎల్లాజీ ఆమెకు మేనమామ. తండ్రి పోయాక పెంచి పెద్దచేసింది ఆయనే. ఆయనకు ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

"సెయ్యెట్టి సూసినావా?" అన్నాడు ఎల్లాజీ.

"సూసినాను మావా. కాల్తంది."

"అయితే మేం దిగం."

"దిగకపోతే?"

"పచ్చ పేజీని కాదంటే మా పని కార్డులు తొంభై రోజులు పడుకుంటాయి. పడుకోనీ. గంజి తాగి బతకనేమేటి? అది కాదే నా బెంగ. గేటు కాడ బస్సుంది. మేం కాదంటే దింపడానికి కొత్త టోలీని తెచ్చినారు. పన్నెండుమంది కుర్రోళ్ళు. ఎక్కడోళ్ళో, సముద్రం మొకం సూసినట్టు నేరు. ఆళ్ళకి పచ్చంటే పచ్చే."

"ఆళ్ళకి సెప్పు మావా!"

"సెప్పేను. నవ్వుతున్నారు. పని మాకే ఉంచుకుందారని బెదిరిస్తున్నామనుకుంతన్నారు." ఆయన గొంతు తగ్గింది. "నేనే ముందు దిగుతాను, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని. నాలుగు మెట్లు దిగి నాకేదైనా అయితే ఆళ్ళు నమ్ముతారు."

"మావా! నువ్వు మెట్టు మీద కాలెట్టినావంటే నామీద ఒట్టే! కూకో అక్కడ!"

అరిచి ఫోను పెట్టేశాక ఆమెకు భయం వేసింది. మావ దిగినా దిగుతాడు, అంత మొండివాడు. దిగకపోతే ఎవరో తల్లులు కన్న పన్నెండుమంది నవ్వుకుంటూ దిగుతారు. పచ్చ రంగు వాళ్ళను చంపుతుంది, సాయంత్రం దాని పక్కన ఇంకో 'స' పడుతుంది.

ఎదురుగా నిబంధనల అట్ట వేలాడుతోంది. ఎవరూ చదవని అట్ట. పద్నాలుగేళ్ళు దాని ఎదుటే కూర్చుని అన్నం తిన్న మనిషికి మాత్రం అది అరవై రెండు నియమాలతో సహా కంఠతా వచ్చింది. ముప్పై ఒకటో నియమం, చేతిమార్పు: పేజీ పట్టుకున్నవారు, అదే పేజీలో దిద్దుతాళం ఉన్న మరొకరికి, వేలి పక్కన వేలు ఆనించి పట్టు అప్పగించవచ్చు. యాభై నాలుగో నియమం, ఆగిన పేజీ: ఆరు గంటలు వదలకుండా పట్టులో ఉన్న పేజీపై కేంద్రానికి అధికారం ఉండదు. రేవు అగ్నిమాపక దళం ఓడను అరలతో సహా చేతి మీటరుతో కొలిచి, ఆ అంకెలే రాయాలి.

నూకరత్నం గడియారం చూసింది. పదకొండు ఇరవై నాలుగు. బొటనవేలు పలక మీద ఆనించింది. మొదటి అంకె రాసింది. రెండోది, మూడోది, నాలుగోది, ఐదోది రాసింది. ఆరో అంకె రాయలేదు. వేలు తీయలేదు.

పన్నెండుకు పది నిమిషాలుండగా ఫోను మోగింది.

"నూకరత్నం గారూ, ఐదే వచ్చాయి. ఆరోది?"

"అల ఆగాలి గదా సార్."

"సముద్రంలో అలలు ఆగాక స్నానం చేద్దామన్నట్టుంది," అన్నాడు హేమసుందర్. నవ్వుదామని చూశాడు గాని కుదరలేదు. "పేజీ మీ పట్టులో ఉంది. నేను అందులో రాయలేక మూత మోటారు తిరగడం లేదు. దయచేసి రాసి వదలండి."

"ఇకన అబద్ధం ఆడను సార్. ఆరోది నా నోట్లోనే ఉంది. రాయను. ఒగ్గను."

"మీరేం చేస్తున్నారో మీకు అర్థమవుతోందా? ఉద్యోగం పోతుంది."

"పోనీండి. అడుగున మీటరు ఎంత సూపిత్తందో మీరు సూసేరా నేదా? అది సెప్పండి ముందు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"సూసేరు. సూసి కూడా పన్నెండింటికి మూత తీయమంతన్నారు. మీ పిల్లల్ని దింపుతారా సార్, ఆ అరలోకి? పచ్చగా ఉంది గదా, దింపండి!"

"నియమం ప్రకారం మీకు తెలియజేయాలి," అన్నాడు అతను. "మీ తాళం రద్దుకు పంపుతున్నాను. మూడు సంతకాలు కావాలి. నలభై నిమిషాలు పడుతుంది. మీ పట్టు పోగానే వరుసలో మొదట నేనున్నాను. పేజీ నాకు వస్తుంది."

"పంపండి సార్. మీ పని మీది."

నలభై నిమిషాల్లో ఆమె ఎడమచేత్తో తొమ్మిది ఫోన్లు చేసింది. అన్నీ ఒకే ఒక్క గడికి తాళం ఉన్నవాళ్ళకే, రేవులో మూలకొకళ్ళు. కొందరు అంతా మొదట్నించీ చెప్పమన్నారు, కొందరు ఒక్క మాటతో వస్తున్నామన్నారు. చెత్త గడి చూసే జోగారావు రానన్నాడు. పెళ్ళానికి నెలలు నిండాయి, ఈ నెల ఉద్యోగం పోతే ఎలాగ అన్నాడు. సరేలేరా, ఇంటికాడే ఉండు అంది.

మొదట వచ్చింది అప్పలకొండ. ఓడలకు తాగునీళ్ళు లెక్కగట్టి ఎక్కించే మనిషి. నూకరత్నం కన్నా పదేళ్ళు పెద్ద. ఒక చేతిలో అన్నం క్యారేజీ, ఇంకో చేతిలో గొడుగు. రొప్పుతూ వచ్చి గది తలుపు కాలితో తోసింది.

"ఏటే, మిట్టమద్దేనం మొదలెట్టీసినావు! తిన్నావేటి?"

"నేదప్పా. ముందు ఏలెట్టు. ఇంకో అయిదు నిమిషాల్లో నాది సచ్చిపోద్ది."

అప్పలకొండ చీర కొంగుకు చెయ్యి తుడుచుకుంది. తన బొటనవేలు ఆమె వేలి పక్కన ఆనించి, పలక కింద దీపం వెలిగేదాకా కళ్ళు చిట్లించి చూసింది. వెలిగాక కూడా ఒక క్షణం ఆగింది. అప్పుడు అంది:

"పట్టీసినాను, ఒగ్గీ."

అది ఆ రేవులో తాడు మార్చుకునే మాట. ఓడను కట్టే తాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళేటప్పుడు, ఇచ్చేవాడు ఇచ్చానని చెప్పడు. పుచ్చుకునేవాడు పట్టానని చెప్పాలి. ఆ మాట వినపడేదాకా ప్రాణం పోయినా ఇచ్చేవాడు వదలకూడదు. నూకరత్నానికి తొమ్మిదేళ్ళప్పుడు మావ నాటుపడవ తాడు అందుకోబోతుంటే, పట్టుకున్నాడులే అనుకుని ఆ మాట రాకుండానే వదిలేసింది. తాడు ఆయన అరచేతుల్లోంచి జారుతూ తోలు ఒలుచుకుపోయింది. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. నెత్తురు కారే చేతులు ఆమెకు చూపించి, ఎప్పుడు ఒగ్గాలమ్మీ అని అడిగాడు, అంతే. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

నూకరత్నం వేలు తీసింది. తెర మీద ఆమె పేరు పోయి అప్పలకొండ పేరు వచ్చింది. అయిదు నిమిషాల తరువాత నూకరత్నం తాళం చచ్చిపోయింది. పేజీ హేమసుందర్‌కు వెళ్ళలేదు.

వెంటనే ఫోను మోగింది. ఈసారి అప్పలకొండ ఎత్తింది.

"ఎవరండీ? సుందరం బాబా? నేనేనండి, అప్పలకొండని, తాగునీళ్ళ గడి. ఓడలో నీళ్ళ పీపాలు లెక్కపెడతన్నాను. సానా ఉన్నాయి బాబూ. నాకు లెక్కలు నిదానం."

అవతల మళ్ళీ రద్దు, మళ్ళీ మూడు సంతకాలు, మళ్ళీ నలభై నిమిషాలు. అవి పూర్తి కాబోయే వేళకు తాళ్ళ గడి చూసే మసేను వచ్చి వేలు పెట్టాడు. పట్టీసినాను అప్పా, ఒగ్గీ. మసేను తరువాత రేవు పడవల వాడు, అతని తరువాత తూకాల గడి ఆమె. గాజుగది ముందు నీడలో జనం చేరారు. ఎవరో టీ తెచ్చారు. ఎల్లాజీ టోలీ మెట్ల మీదనే కూర్చుని ఉంది. బస్సులోంచి కుర్రాళ్ళు దిగి, పనెందుకు ఆగిందో తెలియక చిరాగ్గా తిరుగుతున్నారు.

కేంద్రం వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. మూడున్నరకు తీగ ఎటు పాకుతోందో పట్టేశారు. ఒక్కొక్క తాళాన్ని తెంపడం మానేసి, గంగాడపాలెంలో మిగిలిన తాళాలన్నిటికీ ఒకే కాగితం మీద మూడు సంతకాలు పెట్టించారు. నాలుగూ పది అయ్యేసరికి వరుసలో నిలబడ్డ ముగ్గురి తాళాలూ ఒక్కసారే చచ్చిపోయాయి. అప్పుడు పేజీ పట్టుకుని ఉన్నది దీపాల గడి గౌరమ్మ. ఆమె రద్దు మాత్రం విడిగా, నాలుగూ ఇరవై అయిదుకు పడుతుంది. అయిదూ ఇరవై నాలుగు దాకా ఇంకో గంట పట్టి ఉంచాలి. పట్టడానికి వేలు లేదు.

"అయిపోనాదేటే?" అంది గౌరమ్మ. వేలు పలక మీద ఉంది, కళ్ళలో నీళ్ళున్నాయి.

నూకరత్నం అరవై రెండు నియమాలూ మనసులో తిరగేసింది. ఎక్కడా సందు లేదు. పొద్దుట్నించీ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. గోడకు తల ఆనించి వెక్కింది.

అప్పుడు మెట్లు ఎక్కి వచ్చాడు ఎల్లాజీ. భుజం మీద తువ్వాలు, చేతిలో కొక్కెం. "నాకూ ఒక గడి ఉంది గదే?" అన్నాడు.

"నీకేటి గడి మావా?"

"ఎంతమందిమి దిగినామో రాసేది. పదకొండేళ్ళ కిందట ఇచ్చినారు. ఎప్పుడూ నొక్కనేదు, దానంతటదే నిండిపోద్ది. ఉందో పోనాదో మరి."

నూకరత్నం గభాల్న తెర మీదికి వంగింది. ఉంది. దిగిన మనుషుల సంఖ్య: మేస్త్రీ. కేంద్రం రద్దుచేసిన పట్టికలో ఆ పేరు లేదు, ఉండడానికి వీల్లేదు. మేస్త్రీ తాళం తీస్తే టోలీని ఓడ మీంచి తీసేసినట్టు లెక్క. టోలీ లేని ఓడకు మూత తెరుచుకోదు. ఆ చోట కొత్త టోలీని రాయాలంటే పేజీ చేతిలో ఉండాలి. పేజీ ఇక్కడుంది.

"మావా," అంది, "నీ ఏలు ఇలాగ తే!"

ఆయన బొటనవేలు ఆనించాడు. పలక ఎర్రగా మినుకుమంది. గుర్తు లేదు. తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ ఆనించాడు. గుర్తు లేదు. నలభై ఏళ్ళ గోనెసంచులు ఆ వేలి గీతలన్నిటినీ అరగదీశాయి. అది నున్నగా, ఏటిరాయిలా ఉంది. మూడోసారి తప్పితే పలక మూసుకుపోతుంది. గడియారం నాలుగూ ఇరవై రెండు చూపిస్తోంది.

"ఉండెహె," అన్నాడు ఎల్లాజీ. "ఆ దినం తాళం ఇచ్చిన పిల్ల నా సేతేళ్ళు పదీ నొక్కించి నొక్కించి ఇసిగిపోనాది. ఆకరికి ఏదో ఒకటి పడ్డాది. ఏదే అది?" రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. ఎడమ చిటికెన వేలు ఎప్పుడో చిన్నప్పుడు విరిగి, వంగకుండా బిగుసుకుపోయి, మిగిలినవాటికి దూరంగా నిలబడి ఉంది. సంచి పట్టని వేలు అదొక్కటే. "ఇదే," అన్నాడు. "కుంటిదని దీన్నెప్పుడూ పనికి పిలవనేదు."

గౌరమ్మ వేలి పక్కన ఆ చిటికెన వేలు ఆనించాడు. పలక కింద దీపం వెలిగింది.

"పట్టీసినాను," అన్నాడు ఎల్లాజీ. "ఒగ్గీ అమ్మా."

గౌరమ్మ వదిలింది. తెర మీద మేస్త్రీ గనగళ్ళ ఎల్లాజీ అని వచ్చింది. బయట ఎవరో ఈల వేశారు. అప్పలకొండ గొడుగు కిందపడేసి నూకరత్నాన్ని వాటేసుకుంది.

ఆ గంటలో ఫోను నాలుగుసార్లు మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఎల్లాజీ కుర్చీలో కూర్చుని, చిటికెన వేలు పలక మీద పెట్టి, కుడిచేత్తో టీ తాగాడు. పదకొండేళ్ళలో మొదటిసారి తన గడిలో తానే రాశాడు, నూకరత్నం చూపిస్తే. దిగిన మనుషుల సంఖ్య: సున్నా.

అయిదూ ఇరవై నాలుగుకు పేజీ అంచు, ఇక అది ఆగిన పేజీ అన్నట్టు, పసుపుపచ్చగా మారింది. అగ్నిమాపక దళం నుంచి ఒకామె వచ్చింది. కొలత గొట్టంలోంచి తాడు కట్టిన చేతి మీటరును మూడో అరలోకి నెమ్మదిగా దించింది. టోలీ ఒక పక్క, బస్సు కుర్రాళ్ళు ఒక పక్క నిలబడి చూశారు.

"ప్రాణవాయువు, మూత దగ్గర నూటికి ఇరవై," అని గట్టిగా చదివింది. తాడు ఇంకా వదిలింది. "సగంలో పదమూడు." ఇంకా వదిలింది. అడుగున మీటరు కీచుమంది. "అయిదు. వేడి ఎనభై దాటింది. అందరూ వెనక్కి జరగండి."

మాట అర్థం కాకపోయినా ఆ కుర్రాళ్ళకు అంకె అర్థమైంది. పొద్దున్న అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు ఉన్నచోటే కూలబడ్డాడు. ఎల్లాజీ వెళ్ళి వాడి భుజం మీద చెయ్యి వేసి, తన కప్పులో మిగిలిన టీ వాడికి ఇచ్చాడు.

నూకరత్నం గదిలో ఒక్కతే ఉండగా ఫోను మోగింది. ఎత్తింది.

"అడుగు మీటరు పొద్దున్న ఏడు చూపించింది," అన్నాడు హేమసుందర్. ఆ మాట చెప్పే అనుమతి అతనికి ఇప్పటికీ లేదు. "నేను చూశాను. చూశాను, నూకరత్నం గారూ."

ఆమెకు అనడానికి చాలా ఉంది గాని, అతని గొంతు విన్నాక అనబుద్ధి కాలేదు.

అతను పని సంగతికి వచ్చాడు. "ఓడను వెంటనే తాళ్ళు విప్పించి దూరంగా పంపాలి. మంటలు రేగితే రేవుకు ప్రమాదం. తాళ్ళు విప్పాలంటే నీటిగీత గడి నిండాలి. ఆరో అంకె కావాలి."

"నా తాళం మీరే తీసీసినారు గదా సార్."

"తిరిగి ఇస్తాం. మూడు సంతకాలు, నలభై నిమిషాలు..." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ఎంత మర్యాదస్తుడైనా ఆ మాట పూర్తిచేయలేకపోయాడు.

"అంకె నోటితో సెప్తాను, ఫయిర్ ఆమె రాసుకుంటాది. ఇప్పుడు పేజీ ఆమె సేతిలో ఉంది," అంది నూకరత్నం. "ఏడు మీటర్ల యాభై ఒకటి. ఓడ పోవాలి, ఊరు బతకాలి, దానికి నేనడ్డం పడను. మీకు సెప్పాల్సింది ఇంకోటుంది."

"చెప్పండి."

"తాళం తిరిగిచ్చినా రేపట్నించి నా ఏలు పలక మీద పడదు. మావతో కలిపి ఈయాల వచ్చిన తొమ్మిది మంది ఏళ్ళూ పడవు. మసేను ఏలు పడకపోతే ఓడ కట్టరు, అప్పలకొండ ఏలు పడకపోతే ఓడకి నీళ్ళెక్కవు. పేజీలో ఇంకో గడి ఎట్టేదాకా అంతే."

"ఏం గడి?"

"కంటితో సూసినది, సేత్తో ముట్టుకున్నది రాసుకునే గడి. దానికి రంగుండకూడదు. మీ ఓటు దాని మీద పడకూడదు. రేవులో ఎవరైనా రాయాల, ఎవరైనా సదవాల."

"అలాంటి గడి మూలకోశంలో లేదండి. అది పెట్టడమంటే మొత్తం కట్టడాన్నే..."

"తెలుసు."

అవతల మీటల మీద వేళ్ళు పడుతున్న చప్పుడు వినపడింది.

"అభ్యర్థన పత్రం తెరిచాను," అన్నాడు హేమసుందర్. "మూడు సంతకాలు కావాలి. మొదటిది నాది పెట్టేశాను."

నూకరత్నం ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. కిటికీలోంచి చూస్తే నీలగాంధారి తాళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నారు. ఒక్కో తాడు దగ్గరా ఆ మాట గాలిలో తేలి వస్తోంది.

"మిగతా రెండూ పడేదాకా పత్రం మూసీకండి సార్," అంది. "ఏలు తియ్యకండి."

"తీయను," అన్నాడు అతను.

అప్పుడు ఆమె అప్పలకొండ తెచ్చిన క్యారేజీ విప్పి, చల్లారిపోయిన అన్నం కలుపుకుంది.